పాట ఆపేస్తే పని తిరిగొస్తుందా?

ఈసారి ఉత్తరం చంద్రపూర్ జిల్లా రాజురా నుంచి. రాసినావిడ పేరు వేయొద్దన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు, ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ దుకాణం. ఉత్తరం చాలా పెద్దది, తెలుగులో మొదలై మధ్యమధ్యలో మరాఠీలోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వచ్చింది. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆవిడా, అదే వీధిలో ఉండే మరాఠీ స్నేహితురాలూ చాలా ఏళ్లు కలిసి జాకెట్లు కుట్టారు. ఈవిడది కటింగ్, ఆమెది హెమ్మింగ్, కుచ్చులు, చేతిపని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లో పాటలు, కొన్ని పాత తెలుగు సినిమా పాటలు, కొన్ని మరాఠీ భావగీతాలు. ఆమెకి తెలుగు రాదు, అయినా పాటలన్నీ నోటికొచ్చేశాయి, మాటలు తప్పులు పాడుతుంటే ఇద్దరూ పడీ పడీ నవ్వేవారట. "నీ ఇష్టం, నువ్వే చూసి కుట్టు" అని బట్ట ఇచ్చి వెళ్లిపోయే కస్టమర్లు అప్పుడు చాలామంది. నిరుడు ఆమె భర్తకి నాగ్‌పూర్ బదిలీ అయింది. సామాన్లు సర్దుకుంటున్న చివరి రోజుల్లో, ఇద్దరూ కలిసి కొన్న ఓవర్‌లాక్ మిషన్‌లో (బట్ట అంచులు పోగులు ఊడకుండా కుట్టేది) తన సగం డబ్బు ఇవ్వమని అడిగింది. ఈవిడ ఇచ్చేశారు, కానీ మనసు విరిగింది. అప్పట్నుంచీ పండక్కో మెసేజ్ తప్ప మాటల్లేవు.

ఇప్పుడు ఆ పాటలే పెట్టుకుని కూర్చుంటున్నారు. "ఖణ్ బట్ట టేబుల్ మీద పరిచి, చాక్ చేతిల పట్టుకుని కూసుంట అక్కా, గీత గియ్య బుద్ధి కాదు. ఆఖరికి మామూలు గుండ్రం మెడ కత్తిరించి ఇచ్చేస్త" అని రాశారు. ఖణ్ అంటే జాకెట్లకి వాడే మరాఠీ నేత బట్ట. మోడల్ సంగతి ఎవరైనా అడిగితే, ఫోన్లో ఫోటో ఉంటే చూపించండి అంటున్నారట. మొన్నామధ్య పాట వింటూ కత్తిరిస్తే రెండు చేతులూ ఒకే పక్కకి వచ్చేశాయి, కస్టమర్‌కి బట్ట కొనివ్వాల్సొచ్చింది. భర్త బొగ్గు గనిలో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటారు, "పాటలు ఆపేయ్, పని అదే వస్తుంది" అన్నది ఆయన మాట. పొద్దున్నే ఏడుపు పాటలు ఇంటికి మంచివి కావని అత్తమ్మ. పోనీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పిలిచినా పలకదని అదో గొడవ. పదో తరగతి చదివే కూతురేమో, పాట వింటే మెదడు బాగా పనిచేస్తుందని రిసెర్చ్ ఉందంటూ తనూ చెవుల్లో పెట్టుకునే లెక్కలు చేస్తోంది. దసరా దగ్గర పడుతోంది, నవరాత్రి తొమ్మిది రోజులకీ తొమ్మిది రంగుల ఆర్డర్లు వచ్చే టైం. ఆవిడ అడిగింది మూడు ముక్కలు: పాటలు ఆపాల్నా? ఆపితే నాకేం మిగుల్తది? ఆయనకి ఏం చెప్పాలె?

అమ్మా, మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మీకు పని రాకపోవడం, పాటలు, స్నేహితురాలు, ఈ మూడూ ఒకే ముడిలో పడిపోయాయి. ఇంట్లోవాళ్లు ఆ ముడిలో కంటికి కనిపించే దారం ఒక్కటే పట్టుకుని లాగుతున్నారు. పాట వాళ్లకి వినిపిస్తుంది కదా, మిగతావి వినిపించవు.

ముందు తేలిగ్గా తేలేది చూద్దాం. రెండు చేతులూ ఒకే పక్కకి తెగిన సంగతిలో మీ ఆయన మాటే ఎక్కువ నిజం. కత్తిరించేటప్పుడు మీరేం చేస్తారు? ఛాతీ 36, భుజం 14, చేయి పొడవు 10, కుట్టుకి ఇంత, మడతకి ఇంత అని లోపల్లోపల అనుకుంటూ ఉంటారు. ఆ అంకెలు నిలబడే చోటూ, పాటలో మాటలు వచ్చి కూర్చునే చోటూ ఇంచుమించు ఒకటే. బ్రిటన్‌లో 2011లో ఒక పరీక్ష చేశారు. వరసగా చూపించినవాటిని అదే వరసలో గుర్తు తెచ్చుకుని చెప్పాలి. నిశ్శబ్దంలో చెప్పినంత బాగా, సంగీతం మోగుతున్నప్పుడు చెప్పలేకపోయారు. అది తమకి నచ్చిన సంగీతమైనా, అస్సలు నచ్చనిదైనా దెబ్బ పడింది. "నాకిష్టమైన పాటే కదా, నన్నేం చేస్తుంది" అని మనం అనుకుంటాం. కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు అదే ఏడాది చూపించింది కూడా ఇక్కడ పనికొస్తుంది: బాగా ఇష్టమైన సంగీతంలో ఒళ్లు పులకరించే ఘట్టం రాకముందే, అది వస్తోందన్న ఎదురుచూపుకే మెదడులో డోపమిన్ అనే, హాయితో ముడిపడిన రసాయనం విడుదలవుతోంది. మీకు ప్రాణమైన పాటలో రెండో చరణం వచ్చే లోపల మీ చెయ్యి కత్తెర మీద ఉన్నా మనసు ఆ చరణం గుమ్మంలో నిలబడి ఉంటుంది. కాబట్టి కొలతలు, గీత, కత్తెర, ఈ మూడింటి దగ్గర పాట వద్దు. ఇది బతిమాలుకునే విషయం కూడా కాదు, బట్ట డబ్బులు మీ జేబులోంచి పోతున్నాయి.

కానీ దాన్నుంచి "పాటలు ఆపేస్తే పని అదే వస్తుంది" అనే మాట పుట్టదు. కత్తిరింపులో తప్పు రాకపోవడం వేరే సంగతి, కొత్త మెడ ఒకటి మనసుకి తట్టడం వేరే సంగతి.

మీ అమ్మాయి చెప్పే రిసెర్చ్ ఎక్కడిదో నేను ఊహించగలను. 1993లో అమెరికాలోని కాలిఫోర్నియాలో 36 మంది కాలేజీ విద్యార్థులకి మొజార్ట్ అనే పాతకాలపు యూరప్ సంగీతకారుడి పియానో సంగీతం పది నిమిషాలు వినిపించి, కాగితాన్ని మడిచి కత్తిరిస్తే విప్పాక ఎలా ఉంటుంది లాంటి ప్రశ్నలిచ్చారు. కొంచెం బాగా చేశారు. ఆ బాగు నిలిచింది పదీ పదిహేను నిమిషాలే, అదీ ఆ ఒక్క రకం ప్రశ్నల్లోనే. అయినా పేపర్లలో అది "సంగీతం వింటే తెలివి పెరుగుతుంది" అయిపోయింది. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ అయితే పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం క్యాసెట్ ఇద్దామని బడ్జెట్‌లో డబ్బు అడిగాడు కూడా. తర్వాత 2001లో కెనడా పరిశోధకులు తేల్చిందేమిటంటే, అందులో మొజార్ట్ మహిమ ఏమీ లేదు, హుషారైన సంగీతం విన్నవాళ్లకి మూడ్ బాగుపడింది, ఒంట్లో చురుకు వచ్చింది, అందుకే ఆ కాసేపు బాగా చేశారు. అమ్మాయికి ఈ కథంతా చెప్పండి, పదో తరగతి పిల్ల, అర్థమవుతుంది. పాట వినొద్దని మాత్రం అనకండి. ఒక పాఠం పాటతో, అలాంటిదే ఇంకోటి పాట లేకుండా చదివి, పుస్తకం మూసి తనకి తానే ప్రశ్నలు వేసుకుని చూసుకోమనండి. సైన్సు బొమ్మలు గీసేటప్పుడు వింటే నష్టమేమీ లేదు. మీరు వద్దంటే దాక్కుని వింటుంది, తానే లెక్క చూసుకుంటే దానికే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ చాక్ దగ్గరికి వద్దాం. కొత్త ఆలోచన పుట్టడాన్ని పరిశోధకులు రెండు రకాలుగా పరీక్షిస్తారు. ఒకటి, ఇటుకతో ఏమేం చేయొచ్చో ఎన్ని వీలైతే అన్ని చెప్పమనడం. గిల్‌ఫర్డ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పేరుమీద ప్రసిద్ధమైన పద్ధతి ఇది. రెండోది, మూడు మాటలిచ్చి మూడింటికీ అతికే నాలుగో మాట పట్టుకోమనడం. మన భాషలో అయితే తేనె, చీర, పురుగు అని ఇస్తే "పట్టు" అని తట్టాలి. మొదటిదాంట్లో దారులు ఎన్నో, రెండోదాంట్లో తాళం చెవి ఒకటే. 2017లో నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా పరిశోధకులిద్దరు 155 మందితో చేసిన పనిలో, ఉల్లాసంగా ఉండే సంగీతం విన్నవాళ్లు నిశ్శబ్దంలో కూర్చున్నవాళ్ల కంటే మొదటి రకంలో మెరుగ్గా చేశారు, రెండో రకంలో తేడా రాలేదు. 2019లో బ్రిటన్, స్వీడన్ వాళ్లు ఆ రెండో రకాన్నే పట్టుకుని చూస్తే, సంగీతం ఏదైనా సరే, తెలియని భాష పాటైనా, మాటల్లేని సంగీతమైనా, బాగా తెలిసిన పాటైనా, జవాబులు తగ్గిపోయాయి. మూడ్ బాగుపడినవాళ్లకీ తగ్గాయి, రోజూ పాటలు పెట్టుకుని చదివే అలవాటున్నవాళ్లకీ తగ్గాయి. గ్రంథాలయంలో ఉండే చిన్నచిన్న చప్పుళ్లు మాత్రం ఏమీ చేయలేదు.

మీ పనిలో ఈ రెండూ ఉన్నాయి. ఈ ఖణ్ బట్టకి మెడ ఎలా ఉండొచ్చు, అంచు ఎక్కడ రావొచ్చు, దారాలా ముడులా, అని నాలుగు వైపులా తిరిగే ఆలోచన ఒకటి. దానికి హుషారు కావాలి. ఇక ఇందులో ఇదీ, ఈ గుడ్డ ముక్కలో ఇలా సరిపోతుంది, అని తేల్చే ఆలోచన ఇంకోటి. దానికి నిశ్శబ్దం కావాలి. ఆలిస్ ఐసెన్ అనే పరిశోధకురాలు 1987లోనే చూపించింది, చిక్కు ప్రశ్న ఇచ్చే ముందు కాసేపు నవ్వించే సినిమా ముక్క చూపిస్తే చాలామంది దాన్ని ఎక్కువ సులువుగా విప్పారని. నవ్వు ముందు, పని తర్వాత. మీరిద్దరూ తప్పుల పాటలు పాడుకుని నవ్వుకున్న రోజుల్లో జరిగింది అదేనేమో అనిపిస్తుంది నాకు. ఇప్పుడు అవే పాటలు, కానీ నవ్వు లేదు, బరువు ఉంది. ఆ బరువుతో చాక్ పట్టుకుంటే గుండ్రం మెడ తప్ప ఇంకేం వస్తుంది చెప్పండి.

అసలు సంగతి ఇక్కడే ఉందని నా నమ్మకం. మీరే రాసిన ఒక ముచ్చట మళ్లీ మీకే గుర్తుచేస్తాను. ఒక పెళ్లికూతురి జాకెట్టుకి వెనక మెడ ఆకులా గీశారు మీరు. మీ స్నేహితురాలు చూసి "ఇది ఆకేంటి, గరిటె" అంది. మీరు ఉడుక్కోలేదు, ఆ గరిటెనే తలకిందులు చేసి, కాడ దగ్గర చిన్న కుచ్చు వేలాడదీశారు. ఆ సీజనంతా ఆ మోడలే అడిగారు. ఈ ముచ్చటలో పాట ఎక్కడుంది? మోగుతూనే ఉండుంటుంది, కాదనను. కానీ ఆ మెడ పుట్టింది ఆమె వెక్కిరించడంలోంచి, మీరు దాన్ని తిప్పి చూడడంలోంచి. మీ ఇద్దరి మాటల మధ్యన పుట్టిన డిజైన్లు అవి. ఆమె వెళ్లాక మిగిలింది పాటలు కాబట్టి, పాటల్లోనే డిజైన్లున్నాయన్నట్టు వాటి దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే కష్టంగా అనిపించింది ఇదే. మీ చేతిలో పని పోలేదు, "ఇది గరిటె" అనే మనిషి పోయింది.

మరి ఆ పాటలు వినడం తప్పా అంటే, అసలు కాదు. బెర్లిన్ పరిశోధకులు 2014లో 772 మందిని అడిగితే, విషాద సంగీతం విన్నప్పుడు ఎక్కువగా కలిగేది దుఃఖం కంటే పాత రోజుల మీద బెంగ అని తేలింది. చాలామందికి అది ఓదార్పు, తోడు. అయితే ఒకే విషయాన్ని తిప్పితిప్పి తలుచుకునే అలవాటున్నవాళ్లు విన్నాక ఇంకా కుంగిపోతున్నారని, అయినా మళ్లీ అవే పాటల దగ్గరికి వెళ్తున్నారని ఆస్ట్రేలియాలో పనిచేసిన పరిశోధకులు చూపించారు. మీరు ఈ రెంట్లో ఎటు ఉన్నారో నేను చెప్పలేను, మీకే తెలియాలి. పాట అయిపోయాక "పోన్లే" అనిపించి లేచి టీ పెట్టుకుంటున్నారా, లేక ఓవర్‌లాక్ మిషన్ డబ్బులూ, ఆమె అడిగిన తీరూ, మీరు ఇచ్చిన తీరూ మళ్లీ మొదట్నుంచి మొదలవుతున్నాయా? మొదటిదైతే వినండి, ఎవరేమన్నా వినండి. రెండోదైతే ఆ పాట మిమ్మల్ని ఓదార్చడం లేదు.

ఇక మీ ముందున్న దారులు.

మీ ఆయన అన్నట్టు పూర్తిగా ఆపేయొచ్చు. కత్తిరింపులో తప్పులు తగ్గుతాయి, ఇంట్లో గొడవ తగ్గుతుంది. కానీ రోజంతా మిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ లేని గదిలో ఆ డబ్బుల సంగతి ఇంకా గట్టిగా వినిపిస్తుందని నా భయం. పైగా మీ దగ్గర నుంచి ఒకటి లాక్కున్నారన్న బాధ మిగిలిపోతుంది, అది ఎప్పుడో ఒకప్పుడు మీ ఆయన మీదకే తిరుగుతుంది.

ఇప్పుడున్నట్టే కొనసాగించొచ్చు. దసరా ఆర్డర్లు ఫోటోలు చూసి కుట్టి ఇచ్చేయొచ్చు, డబ్బులకి లోటుండదు. కాకపోతే "నీ ఇష్టం" అనే కస్టమర్లు ఒక్కొక్కరే తగ్గిపోతారు. ఫోటో చూసి కుట్టేవాళ్లు చంద్రపూర్ దాకా బోలెడుమంది ఉన్నారు.

లేదా పనిని విడదీసి పాటకి దాని చోటు దానికివ్వొచ్చు. పొద్దున దుకాణం తెరిచాక, చాక్ పట్టుకోకముందు, రెండో మూడో హుషారైన పాటలు, ఆమెతో సంబంధం లేనివి, కొత్తవైనా సరే. ఆ టైంలో పనికిరాని కాగితం మీద పిచ్చి గీతలు గీయండి, బట్ట మీద వద్దు. తర్వాత పాట ఆపి, కొలతలూ కటింగూ నిశ్శబ్దంలో. హెమ్మింగ్, హుక్కులు, కాజాలు చేతికి అలవాటైన పనులు, అక్కడ ఏం విన్నా ఫర్వాలేదు. పాత పాటలు వినాలనిపిస్తే సాయంత్రం, దుకాణం మూశాక. దీంట్లో చిక్కు కూడా చెప్తాను, మొదట్లో చాలా కృత్రిమంగా ఉంటుంది, చెయ్యి దానంతటదే పాత పాటల మీదకి పోతుంది. అలాంటి రోజున పోనిస్తే పోనివ్వండి, మర్నాడు మళ్లీ చూసుకోవచ్చు.

ఇదంతా చేసినా ఆమె లోటు అలాగే ఉంటుంది. దానికి ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి, గీసిన కాగితం ఎవరికైనా చూపించడం. మీ అమ్మాయి ఉంది, ఆ వయసు పిల్లలకి అమ్మ గీసినదాన్ని వెక్కిరించడం బాగానే వచ్చుంటుంది. పని నేర్చుకోవడానికి ఒక పిల్లని పెట్టుకోవచ్చు, కాకపోతే నేర్చుకునే పిల్ల "చాలా బాగుంది ఆంటీ" అంటుంది తప్ప గరిటె అనదు, ఆ ధైర్యం రావడానికి చాలాకాలం పడుతుంది. రెండోది, ఆమెతోనే మాట్లాడటం. ఆమె డబ్బు అడగడం మీకు ద్రోహంలా తోచింది. నాకైతే, కొత్త ఊళ్లో ఇల్లు తీసుకోవాలంటే డిపాజిట్ కట్టాలి, బదిలీ అంటేనే చేతిలో డబ్బు నిలవని కాలం, అడగలేక అడగలేక చివరి రోజుల్లో అడిగిందేమో అనిపిస్తోంది. అలా కాకపోయి ఉండొచ్చు కూడా, లెక్క లెక్కే అనుకునే మనిషే కావొచ్చు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే మాట పెళుసుగా తెగిపోయే ప్రమాదం ఉంది. దసరా ముందు లేసులకీ లైనింగ్‌కీ నాగ్‌పూర్ ఇత్వారీ బజారుకి వెళ్లే పని పెట్టుకోండి, వస్తున్నానని ముందే చెప్పి వాళ్లింటికి వెళ్లండి, మిషన్ సంగతి ఆమె ఎత్తితే మాట్లాడండి, లేకపోతే మీరు గీసిన మెడ ఒకటి చూపించండి. ఆమె ముభావంగా ఉండి పంపించేస్తే బాధపడతారు, నిజమే. అప్పుడు కనీసం ఏ విషయం గురించి బాధపడుతున్నారో తెలుస్తుంది. వెళ్లకుండా ఉండిపోవడమూ ఒక దారే, కొందరు స్నేహితులు ఒక వయసు దాకానే మనతో ఉంటారు. ఏది చేసినా మీరు తేల్చుకుని చేయండి.

అత్తమ్మ గురించి ఒక చిన్న మాట. ఆవిడ ఒకప్పుడు బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకునేవారని, ఆవిడ అంటుంటే అందరూ ఉయ్యాలో అని అందుకునేవారని మీరే రాశారు. ఆవిడకి పాటంటే పడదని ఎలా అనుకోను? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీరొక్కరే లోపలికి వెళ్లిపోతున్నారన్నది ఆవిడ కోపం కావొచ్చు. బ్రిటన్‌లోనే 2015లో వయోజన విద్యా తరగతుల మీద ఒక పరిశోధన వచ్చింది. కొందరు పాట నేర్చుకున్నారు, కొందరు చేతిపనులు, కొందరు రచన. ఏడు నెలలు తిరిగేసరికి అందరూ దగ్గరయ్యారు గానీ, పాడినవాళ్లు మొదటి నెలలోనే దగ్గరైపోయారు. సాయంత్రం హుక్కులు కుట్టుకునే టైంలో ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఏటి బతుకమ్మకి పాటలు నేర్పమనండి. మధ్యలో రెండు చరణాలు ఈ కాలానివి, మీ వీధివి, మీరే కట్టండి. చాక్ పట్టుకోవడానికి భయపడుతున్న బుర్రకి అదీ సాధనే, తప్పొచ్చినా బట్ట పాడవదు.

ఒకటి మాత్రం ఖచ్చితంగా చెప్తాను. నిద్ర సరిగ్గా పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం రెండు వారాలు దాటి ఉంటే ఇది పాటల సమస్యా కాదు, స్నేహితురాలి సమస్యా కాదు, డాక్టర్‌ని కలవాలి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు, మరాఠీలోనూ మాట్లాడతారు.

మీ ఆయనకి ఏం చెప్పాలని అడిగారు. ఆయన నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకున్న వేళ స్పీకర్ పెట్టనని ముందు మాటివ్వండి, అది ఆయన హక్కు. కత్తెర పట్టుకున్నప్పుడు పాట ఉండదనీ చెప్పండి. హెమ్మింగ్ దగ్గర మాత్రం ఉంటుందని, అందులో బేరం లేదని చెప్పండి. ఇంకో రోజు, సెలవు రోజైతే మేలు, మీరు గీసిన మెడ ఒకటి ఆయన ముందు పెట్టి ఇది దేనిలా ఉందో చెప్పమనండి.